ఎగిరే పక్షిని ఫొటో తీయడానికి కెమెరా చేత్తో పట్టుకోవడమా, ట్రైపాడా: ఏది మేలు?

కొత్తగా పెద్ద లెన్స్ కొన్నవాళ్ళు వెంటనే ట్రైపాడ్ (మూడుకాళ్ళ స్టాండ్) కోసం వెతుకుతారు. ఎగిరే పక్షులే మీ ఇష్టమైతే కాస్త ఆగండి, ముందు చేత్తోనే మొదలుపెట్టండి.

ట్రైపాడ్ ఉంటే ఫొటో షార్ప్‌గా వస్తుందన్న మాట కొమ్మ మీద కూర్చున్న పక్షికి చెల్లుతుంది. ఎగిరేదాని ఫొటో చెదిరేది ఎక్కువగా రెక్కల వేగం వల్ల. దానికి మందు షట్టర్ స్పీడే, అంటే షట్టర్ తెరిచి ఉండే కాలాన్ని బాగా తగ్గించడమే. గూడబాతు లాంటి నిదానపు పక్షికి సెకనులో 1000వ వంతు, చిన్న పిట్టలకు 2500వ వంతు పెడితే మన చేతి వణుకు కూడా ఫొటోలో కనిపించదు.

తీగ మీది పసిరిక పిట్టను చూడండి. తూనీగ కోసం దూకి, గాల్లోనే మలుపు తిరిగి, మళ్ళీ తీగ మీదికి వచ్చేస్తుంది. దాని వెంట లెన్స్ తిరగాలంటే చేతిలోనే ఉండాలి. ఎడమ అరచేయి లెన్స్ కింద బాగా ముందుకు పెట్టి, మోచేతులు పక్కటెముకలకు ఆనించి, నడుము నుంచి తిరగాలి. జూమ్ తగ్గించి పిట్టను ఫ్రేములోకి తెచ్చుకున్నాకే దగ్గరికి లాగాలి. నెత్తి మీద తిరిగే గద్దకైనా, కొల్లేరులో పడవ మీద నుంచి తీసేటప్పుడైనా చెయ్యే నయం. పడవలో ఇంజన్ అదురు ట్రైపాడ్ కాళ్ళ గుండా లెన్స్ దాకా పాకుతుంది.

చేతికి శత్రువు బరువు. నికాన్ 200-500 ఎం.ఎం. లెన్సే 2.3 కిలోలు, కెమెరా బాడీతో కలిపితే మూడు దాటుతుంది. కాసేపటికే భుజాలు లాగేస్తాయి, సరిగ్గా అప్పుడే పక్షి వస్తుంది!

అందుకే నేలపట్టు పక్షుల అభయారణ్యంలో నేను ట్రైపాడ్ వైపే. అక్కడ కడప అనే చెట్ల మీద గూళ్ళు కట్టిన గూడబాతులు పులికాట్ సరస్సులో చేపలు పట్టుకుని పిల్లల దగ్గరికి తిరిగొస్తాయి. కాసేపు గమనిస్తే వచ్చే దారి తెలిసిపోతుంది, ఇక మిగిలేది ఎదురుచూపే. గంటల తరబడి లెన్స్ మోయకుండా కాచుకోవడానికి ట్రైపాడ్‌ను మించింది లేదు. 30వ వంతు సెకనులో పక్షితో పాటు లెన్స్ తిప్పుతూ, రెక్కలు మసకగా, కన్ను స్పష్టంగా తీయాలన్నా అదే మేలు.

మోనోపాడ్ (ఒంటికాలి స్టాండ్) మధ్యేమార్గం. బరువు మోస్తుంది గానీ పైకి తిప్పడం కష్టం.

ట్రైపాడే కొంటే దాని పైన గింబల్ హెడ్ (బరువైన లెన్స్‌ను సమతూకంలో మోస్తూ తేలిగ్గా తిప్పనిచ్చే భాగం) తప్పనిసరి. బంతి మీద తిరిగే బాల్ హెడ్ వదులు చేస్తే బరువైన లెన్స్ ఒక్కసారిగా ముందుకు వాలిపోతుంది, వేళ్ళు కూడా నలగొచ్చు. గింబల్ మీద లెన్స్‌ను ముందుకూ వెనక్కూ జరిపి, చెయ్యి తీసినా ఎక్కడిదక్కడ నిలిచే చోట బిగించండి. బేస్‌లో మట్టం చూపే బుడగ మధ్యలో ఉండేలా కాళ్ళు సరిచేయండి, లేదంటే పక్షి వెంట తిప్పేకొద్దీ ఫొటోలో చెరువు నీటి అంచు ఒరిగిపోతుంది.