మాటకు పాట: పదకొండేళ్ళు ఆడిన తరువాత

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు విజయనగరంలో మా ఇంటి నిండా చుట్టాలున్నారు. అమ్మవారి పండగకు వచ్చినవాళ్ళు ఇంకా తిరుగు ప్రయాణం కట్టలేదు. మా వీధికి మళ్ళీ కరెంటు రావడానికి ఐదారు రోజులు పట్టింది. ఫోన్లు మొదటి రోజే చచ్చిపోయాయి. చీకటి పడ్డాక కొవ్వొత్తి చుట్టూ కూర్చున్న పదిమందిమి మొదట అంత్యాక్షరి ఆడాము, రెండో రాత్రికి దానితో విసుగెత్తి మరో ఆట మొదలుపెట్టాము. ఒకరు ఒక మాట వేస్తారు. పక్కవారు ఆ మాట ఉన్న సినిమా పాట వరుస ఒకటి పాడి, అదే వరుసలోంచి ఇంకో మాట ఏరి తరువాతి వారికి వేస్తారు. దీనికి మేము పెట్టుకున్న పేరు ‘మాటకు పాట’. ఆ రాత్రి నుంచి ఇప్పటివరకు ఇదే ఆటను ఇంట్లోను, వాట్సాప్‌లోను, ఫోన్ యాప్‌లోను, అట్టముక్కల మీదా ఆడి చూశాను కనుక, ఏ రూపం ఎంతవరకు పనికివస్తుందో కొంత నమ్మకంగానే చెప్పగలను.

అంత్యాక్షరిని ఎందుకు వదిలేశామో ముందు చెప్పాలి. తెలుగులో ఆ ఆటకు పుట్టుకతోనే ఒక ఇబ్బంది ఉంది. మన పల్లవులు చాలా వరకు ‘లో’, ‘లే’, ‘రా’, ‘నా’ వంటి అక్షరాలతో ముగుస్తాయి. అందువల్ల ల, ర, న అనే మూడు అక్షరాలే గిరగిరా తిరిగి వస్తుంటాయి. ‘ల’ వచ్చిందంటే ఎవరైనా ‘లాహిరి లాహిరి’ ఎత్తుకోవలసిందే, అది అయిపోతే ‘లలిత ప్రియ కమలం’, ఆ పైన నీళ్ళు నమలడం. ‘ణ’, ‘ళ’ వచ్చినప్పుడు వాటితో మొదలయ్యే మాటలే భాషలో లేవు కాబట్టి, న అనో ల అనో సర్దుకోవాలి. వీటన్నింటికంటే పెద్ద లోపం, ఆ ఆటలో పాట మొదటి అక్షరం తెలిస్తే చాలు, లోపల ఏముందో ఎవరికీ అక్కరలేదు. చరణం తెలియనివాడు కూడా అంత్యాక్షరిలో గెలవగలడు. మాటకు పాటలో గెలవలేడు. నా దృష్టిలో ఈ ఆటకున్న అసలు విలువ అదే.

ఒక ఉదాహరణ చెబుతాను. నేను ‘జాబిలి’ అన్నాను. మా పెద్దమ్మ 1959 నాటి ‘మాంగల్యబలం’ నుంచి ‘ఆకాశ వీధిలో అందాల జాబిలి’ ఎత్తుకుని, అందులోంచి ‘ఆకాశం’ తీసి మా అప్ప కొడుక్కి, అంటే నా మేనల్లుడికి వేసింది. వాడు కొంత తడుముకుని, వాడు పుట్టక చాలా ముందే, 1986లో వచ్చిన ‘ఆకాశంలో ఒక తార’ పాడి, ‘తార’ అని మా బావకు వేశాడు. బావ ధీమాగా నోరు తెరిచి పాడినది పెద్దమ్మ పాడిన పాటలోనే తరువాతి వరుస. అందులో వయ్యారి తార ఉంది మరి. ఒకసారి వాడిన పాట ఆ పూటకు మళ్ళీ వాడరాదన్నది మా నియమం కనుక బావ అవుటయ్యాడు. చెవిలో ఇంకా మోగుతున్న పాటే నాలుక మీదికి ముందు వస్తుందన్నది ఈ ఆటలో ఆరితేరినవాళ్ళు ఎదుటివారికి పన్నే ఉచ్చు. మేనల్లుడు ఆ రోజు తెలిసి పన్నాడో, తెలియక పన్నాడో నేటికీ ఒప్పుకోడు.

ఆట రక్తి కట్టడం, కట్టకపోవడం వేసే మాట మీద ఆధారపడుతుంది. ‘మనసు’, ‘ప్రేమ’, ‘కన్నులు’ వంటివి వేస్తే ఎంతసేపైనా పాటలు వస్తూనే ఉంటాయి, ఎవరూ ఆలోచించరు. అందుకని మూడో నెలలోనే వాటిని నిషేధించాము. ‘నువ్వు’, ‘నేను’, ‘ఓ’, ‘అరె’ వంటివి సరేసరి. ఒకసారి నేను ‘ఓహో’ అని వేస్తే, పెద్దమ్మ “ఏటిరా, అదో మాటేటి? ఊతపదం గానీ” అని కొట్టిపారేసింది. అలాగని మరీ మూలనున్న మాట వేస్తే అందరూ మొహమొహాలు చూసుకుని ఆట చల్లబడిపోతుంది. దారి, అద్దం, ఉత్తరం, రైలు, గోరింట వంటి మాటలు మాకు బాగా పనికివచ్చాయి: అవి పాటల్లో ఉన్నాయని అందరికీ తెలుసు, కాని చటుక్కున గుర్తుకు రావు. వేసినవారికి ఆ మాటతో కనీసం ఒక పాట వచ్చి ఉండాలని తరువాత చేర్చాము. ఆ నియమం లేకపోతే కసికొద్దీ నిఘంటువు తిరగేసేవాళ్ళు తయారవుతారు.

ఏది ఒకే మాట, ఏది కాదు అన్నదే తగవంతా. తెలుగు మాట ఉన్నచోట ఉన్నట్టు ఉండదు. విభక్తి చేరితే ‘వెన్నెల’ ‘వెన్నెల్లో’ అవుతుంది, సమాసంలో ‘గాలి’ ‘గాలికెరటం’ అవుతుంది. వీటిని ఒప్పుకున్నాము. పర్యాయపదాలను ఒప్పుకోలేదు, ‘మేఘం’ అడిగితే ‘మబ్బు’ చెల్లదు. అయినా మూడేళ్ళ పాటు నలిగిన కేసు ఒకటి ఉంది. బావ మధ్యాహ్నం భోజనంలో పోసుకున్న మజ్జిగను తలుచుకుంటూ ‘చల్ల’ అని వేశాడు. అమ్మ వెంటనే 1962 నాటి ‘గుండమ్మ కథ’లోని ‘ఎంత హాయి ఈ రేయి’ అందుకుని ‘చందమామ చల్లగా, మత్తుమందు చల్లగా’ అని పాడింది. బావ అభ్యంతరం చెప్పాడు: మొదటి ‘చల్లగా’ చలువకు సంబంధించినది, రెండోది చిలకరించడం, రెండింటిలోనూ మజ్జిగ చుక్క లేదు. అక్షరాలు అవే కదా అని అమ్మ వాదన. చివరికి అర్థం కూడా కలవాలని తీర్మానించాము గాని, ఆ ఒక్క వరుసలో పాట రాసిన పింగళివారు ఒకే మాటను రెండు అర్థాల్లో పక్కపక్కన పెట్టిన సంగతి, ఆ పాటను వందలసార్లు విన్న మాలో ఎవరమూ ఆ తగవు రాకముందు గమనించలేదు.

ఇక మేనల్లుడు ‘తలుపు’ అనే మాటకు ‘విధాత తలపున’ను ‘తలుపున’ అని పాడి, అలాగే ఉంటుందని పందెం కాసిన వైనం వేరే చెప్పనక్కరలేదు.

యాప్ సంగతికి వస్తాను. కరోనా కాలంలో ఒకరి ఇంటికి ఒకరు వెళ్ళలేని రోజుల్లో, సినిమా పాటలతో మాటల గొలుసు ఆడించే యాప్ ఒకటి దింపుకుని రెండు నెలలు ఆడాను. పేరు చెప్పను, అదే రకంవి మరో రెండు చూసినా తీరు అదే. వేసే మాటలు ఇంగ్లీషు జాబితా నుంచి తర్జుమా చేసినవని మొదటి రోజే తెలిసిపోతుంది. లేకపోతే ‘హృదయ స్పందన’ అని ఎవరు అడుగుతారు? జవాబు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి కాబట్టి ‘కల’, ‘కళ’ మధ్య తేడా మిగలదు. మజ్జిగ, చలువ, చిలకరింపు మూడూ దానికి ఒకటే. మరోపక్క ‘వెన్నెల్లో’ అంటే ‘వెన్నెల’ కాదంటుంది. ఎంత త్వరగా కొడితే అన్ని మార్కులు కనుక, పాటను మనసులో ఒకసారి అనుకునే వ్యవధి కూడా ఉండదు. ఆటకూ ఆటకూ మధ్య ప్రకటనలు. రెండో నెలాఖరున తీసేశాను. ఒంటరిగా రైలులో విశాఖ వెళ్ళి వచ్చేవారికి కాలక్షేపానికి పనికివస్తుందేమో గాని, అంతకుమించి సిఫారసు చేయలేను.

వాట్సాప్ రూపం దానికంటే ఎంతో మేలు. మాట రాతలో వేస్తాము, జవాబు గొంతుతోనే ఇవ్వాలి. పాట వెతికి చూసి పాడేవాళ్ళను పట్టుకోలేమన్నది దీనికున్న పెద్ద లోపం. చూసి పాడేవారు పల్లవి నుంచి పొందికగా వస్తారని, గుర్తు తెచ్చుకుని పాడేవారు మధ్యలోంచి అందుకుని వెనక్కి నడుస్తారని అమ్మ ఒక సూత్రం చెబుతుంది; అది చాలాసార్లు నిజమైంది. అమెరికాలో ఉన్న మా చిన్నమామయ్య జవాబు వచ్చేసరికి మాకు తెల్లవారుతుంది కాబట్టి ఆట రోజుల తరబడి సాగుతుంది. కొందరికి అది బాగుంటుంది. ఎదురుగా కూర్చున్నవారి మొహంలో పాట నాలుక చివర ఆడుతుండడం చూడనిదే నాకు తృప్తి ఉండదు.

పాటలు పాడడానికి బిడియపడేవారి కోసం మనుషులను బట్టి లంకె వేసే రకం కూడా ఆడుతుంటాము. ఒకరు ఒక సినిమా చెబితే, తరువాతివారు నటీనటులతో కాక, తెర వెనుక పనిచేసిన ఒకరి ద్వారా మరో సినిమాకు వెళ్ళాలి. ‘పాతాళభైరవి’ నుంచి ‘మిస్సమ్మ’కు, అక్కడి నుంచి ‘మాయాబజార్’కు, ‘గుండమ్మ కథ’కు ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే ఒక్కడినే పట్టుకుని నడిచిపోవచ్చు. సంగీత దర్శకుడు సాలూరి రాజేశ్వరరావుగారు మా వైపు శివరామపురంలో పుట్టినవారు కనుక ఆయన పేరు మా ఇంట్లో తరచు వస్తుంది. ‘మల్లీశ్వరి’తో మొదలుపెట్టినవారు ఆయన ద్వారా ‘మిస్సమ్మ’కు వస్తారు, తండ్రి నుంచి కొడుక్కి లంకె ఒప్పుకుంటే ఆయన కుమారుడు కోటి ద్వారా రాజ్-కోటి జంటలోకి వస్తారు. ఆ జంటలో రాజ్, టి.వి.రాజుగారి కుమారుడు, అంటే అక్కడి నుంచి మళ్ళీ వెనక్కి, 1955 నాటి ‘జయసింహ’కు పోవచ్చు. ముందుకే వెళ్ళాలనుకుంటే, రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించిన ఎ.ఆర్.రెహమాన్ ద్వారా ‘రోజా’కు చేరవచ్చు. తండ్రీకొడుకుల లంకె చెల్లుతుందా లేదా అన్నది మాత్రం ఇంతవరకు తేలలేదు. ఒప్పుకుంటే ఆట మరీ తేలిక, ఒప్పుకోకపోతే ఇంత మంచి కూడలి పోతుంది.

నాలుగో రూపం అట్టముక్కలది. 2015లో వచ్చిన ‘కోడ్‌నేమ్స్’ అనే బల్ల మీది ఆటను బావ బెంగుళూరులో ఎక్కడో ఆడి వచ్చి, పాత శుభలేఖలను ముక్కలుగా కోసి, వాటి వెనుక సినిమా పేర్లు రాసి మాకు నేర్పాడు. బల్ల మీద ఐదు వరుసల్లో ఇరవై ఐదు పేర్లు పరుస్తారు. మొదట ఆడే జట్టుకు తొమ్మిది, రెండో జట్టుకు ఎనిమిది, ఏడు ఎవరికీ చెందనివి, మిగిలిన ఒక్కటి తాకితే ఆట అక్కడికక్కడే పోయినట్టు. ఏది ఎవరిదో నాయకులిద్దరికే తెలుసు. నాయకుడు ఒక మాట, ఒక అంకె మాత్రం చెప్పాలి. బల్ల మీద కనిపించే మాటను చెప్పకూడదు.

పోయిన ఏడాది ఒక ఆదివారం మా జట్టువి ‘ముత్యాల ముగ్గు’, ‘స్వాతిముత్యం’ మిగిలాయి. ముత్యం అనకూడదు కనుక నేను చాలా ఆలోచించి “చిప్ప, రెండు” అన్నాను. ముత్యపు చిప్ప తట్టకపోతుందా అని నా ఆశ. మేనల్లుడు ఒక్క క్షణం కూడా ఆగకుండా ‘బిచ్చగాడు’ మీద వేలు పెట్టాడు. తాకకూడని ముక్క అదే. “చిప్ప చేతికొస్తే ఏటవుతాడు మామయ్యా మరి?” అన్నాడు; తప్పు వాడిదని ఎవరూ అనలేదు. ఈ రకంలో చిక్కు ఏమిటంటే పేర్లు బాగుండాలి. ‘మూగ మనసులు’, ‘సాగర సంగమం’, ‘శుభలేఖ’, ‘సితార’ వంటి పేర్లు మాటలుగా కూడా బతుకుతాయి, నాలుగు వైపులా లంకెలు దొరుకుతాయి. కథానాయకుడి పేరునో, ఇంగ్లీషు ముక్కనో పేరుగా పెట్టుకున్న ఇప్పటి సినిమాలు వేస్తే ముక్క బల్ల మీద రాయిలా కూర్చుంటుంది. సంగీతాభిమానులకు ఇందులో పాట లేకపోవడం లోటే. సినిమా పేర్లు మాత్రం తెలిసి పాట రానివారికి ఇదే మంచిది.

మార్కుల విషయంలో మేము చేసిన పొరపాట్లు ఇతరులకు ఉపయోగపడవచ్చు. సుశీలమ్మ పుట్టిన ఊరు ఇది, ఘంటసాల చదువుకున్న సంగీత కళాశాల ఇక్కడిదే. ఆ అభిమానంతో వాళ్ళిద్దరి పాట పాడినవారికి పెద్దమ్మ అర మార్కు ఎక్కువ వేసేది. దానితో పిల్లలు ఒక్కసారీ గెలవక, ఒక్కొక్కరే ఫోన్లు పట్టుకుని లేచిపోయేవారు. అప్పుడు దానికి బదులు, తన కాలానిది కాని పాట పాడినవారికి రెండు మార్కులు, తన కాలానిదైతే ఒకటి అని మార్చాము. పిల్లలు పాతవి వినడం మొదలుపెడతారని అనుకున్నాము, కొంతవరకు పెట్టారు కూడా. అనుకోనిది పెద్దమ్మ వైపు నుంచి వచ్చింది. ‘రొట్టె’ అనే మాట వచ్చినప్పుడు, డెబ్బై దాటిన ఆవిడ ‘నాటు నాటు’లో ఎర్రజొన్న రొట్టె ఉన్న వరుసను తాళం తప్పకుండా అప్పజెప్పి రెండు మార్కులు రాయించుకుంది. ఆస్కారు వచ్చిన పాట కదా, పేపరులో వేస్తే నేర్చుకున్నానని తరువాత చెప్పింది.

ఆడదలచినవారికి మరికొన్ని సంగతులు. నలుగురికి తక్కువైతే ఊపు రాదు, ఎనిమిది మంది దాటితే వంతు వచ్చేసరికి నిద్ర వస్తుంది. పాట అందుకోవడానికి ఇచ్చే గడువు ముప్పై అంకెలు; అవి లెక్కపెట్టడానికి గడియారం కంటే చప్పట్లు మేలు, ఎందుకంటే లెక్కపెట్టేవారు జాలిపడి కొంచెం నెమ్మది చేయవచ్చు. అనువాద చిత్రాల పాటలు చెల్లుతాయో లేదో ముందే తేల్చుకోవాలి, మేము చెల్లుతాయన్నాము. తీర్పు చెప్పడానికి ఆడనివారొకరు ఉంటే తగవులు సగం తగ్గుతాయి. వాడిన మాటలు, పాటలు రాయడానికి ఒక పుస్తకం తప్పనిసరి. మేము రెండు వందల పేజీలవి మూడు నింపి నాలుగోదానిలో ఉన్నాము. 2018లో తిత్లీ తుపానుకు పలాసలో అత్తవారింట చిక్కుకుపోయినప్పుడు పుస్తకం వెంట లేక, ఆడిన పాటలే మళ్ళీ మళ్ళీ వచ్చి ఒక్క పూటలో ఆట విరమించవలసివచ్చింది.

ఐదుకు నేను ఇంటి రూపానికి నాలుగున్నర, అట్టముక్కలకు నాలుగు, వాట్సాప్‌కు మూడు, యాప్‌కు ఒకటి వేస్తాను. ఇంటి ఆటకు తగ్గించిన ఆ అర మార్కు పెద్దమ్మ ఖాతాలోది. ఎవరూ చెప్పలేకపోయిన మాట తరువాతి కూడికకు వాయిదా పడుతుంది. సంక్రాంతినాడు ఆవిడ ‘విసనకర్ర’ అని వేసింది. పాట తనకు వచ్చుననే అంటోంది, అడిగితే పాడదు. పుస్తకంలో ఆ వరుస ఇంకా ఖాళీగానే ఉంది.