మసాలాలు, ఎండు పుట్టగొడుగులు పొడి చేసే పల్వరైజర్: చాలాకాలం వాడాక నా మాట

ముందే తేల్చి చెప్పేస్తాను. పసుపు కొమ్ములు, శొంఠి, దాల్చినచెక్క, ఎండు పుట్టగొడుగులు లాంటివి ఇంట్లోనే తరచుగా పొడి చేసుకునేవాళ్లకి ఈ స్టీలు పల్వరైజర్ కొనదగ్గ వస్తువే. ఏడాదికి సరిపడా కారం ఇందులో పట్టేద్దాం అనుకునేవాళ్లు మాత్రం కొనొద్దు. ఇంకో మాట, పొడి ఎంత మెత్తగా వస్తుందన్నది సగానికి పైగా మిషన్ చేతిలో లేదు, సరుకు ఎంత బాగా ఎండిందన్న దాని మీదే ఉంది. మా కావలి లాగా సముద్రం గాలి తగిలే ఊళ్లలో ఉండేవాళ్లకి ఇది మరీ ముఖ్యం, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను వాడుతున్నది కిలో కెపాసిటీ ఉన్న స్వింగ్ రకం. 2022 వేసవిలో ఆన్‌లైన్‌లో తెప్పించాను, ఆరు వేల లోపే అయింది. అడుగున మోటారు, దాని మీద స్టీలు గిన్నె, గిన్నెలో ఒకదాని మీద ఒకటిగా మూడు వరసల బ్లేడ్లు, పైన రబ్బరు వాషరు ఉన్న బరువైన మూత, దాన్ని బిగించే మర. మొత్తం మిషన్ స్టాండుకి వేలాడుతూ ఉంటుంది కాబట్టి తిరుగుతుండగానే ఇటూ అటూ వంచి ఊపొచ్చు, పైకి తేలిపోయిన ముక్కలు మళ్లీ బ్లేడు మీద పడేది ఆ ఊపుతోనే. నిమిషానికి 28000 చుట్లు, 3000 వాట్లు అని లేబుల్ మీద ఉంటుంది. ఆ లెక్కన మామూలు 6 ఆంపియర్ల ప్లగ్గు సరిపోదు, అది 1400 వాట్లు కూడా మొయ్యదు. గీజరుకి, ఏసీకి వాడే 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గులోనే పెట్టండి, ఇన్వర్టర్ మీద అసలే వద్దు.

మిక్సీ ఉండగా ఇదెందుకు అని అడిగేవాళ్లు చాలామంది. ధనియాలు, జీలకర్ర, మిరియాలు, మెంతులు ఇవన్నీ 750 వాట్ల మిక్సీ చిన్న జారులో హాయిగా నలుగుతాయి, వాటి కోసం ఇంకో మిషన్ దండగ. చేపల పులుసు దించేముందు చల్లే మెంతులూ ధనియాల పొడి ఇప్పటికీ నేను మిక్సీలోనే కొడతాను. అది కాస్త బరకగా ఉంటేనే పులుసుకి అందం, పల్వరైజర్‌లో వేస్తే చూస్తుండగానే పిండైపోతుంది. మిక్సీ చేతులెత్తేసేది గట్టి సరుకు దగ్గర. పసుపు కొమ్ములు వేస్తే జారుని మోటారుకి కలిపే కప్లర్ పళ్లు ఊడతాయి, శొంఠి వేస్తే పీచు బ్లేడుకి చుట్టుకుంటుంది. లవంగాల సంగతి వేరే. లవంగ నూనెకి ప్లాస్టిక్‌ని తినేసే గుణం ఉంది. మా మిక్సీ జారు మూత మొదట అద్దంలా కనిపించేది, లవంగాలు పట్టీ పట్టీ లోపలివైపు తెల్లగా మసకబారిపోయింది, వేలితో రాస్తే గరుగ్గా తగులుతుంది, ఎంత తోమినా ఆ మసక పోలేదు. స్టీలు గిన్నెకీ స్టీలు మూతకీ ఆ బాధ లేదు.

పసుపు విషయంలో మాత్రం ఈ మిషన్‌కి వంక పెట్టలేను. బజారు పసుపులో మెటానిల్ ఎల్లో, లెడ్ క్రోమేట్ లాంటి రంగులు కలిపే మోసం ఎప్పటినుంచో ఉన్నదే, పిల్లలున్న ఇంట్లో ఆ టెన్షన్ ఎందుకని దుగ్గిరాల కొమ్ములు తెప్పించుకుని పట్టుకుంటున్నాం. కొమ్ముల్ని నేరుగా వెయ్యకూడదు. రోట్లో వేసి రోకలితో నాలుగు పోట్లు వేసి చిన్న ముక్కలు చేసుకోవాలి, గిన్నెలో మూడో వంతుకి తగ్గకుండా, మూడింట రెండు వంతులు దాటకుండా పోయాలి. తక్కువ పోస్తే ముక్కలు గిన్నె చుట్టూ పరిగెడతాయి తప్ప నలగవు. స్విచ్ వేయగానే గిన్నె పగిలిపోతుందేమో అన్నంత మోత వస్తుంది, కాసేపటికి ఆ మోత సన్నబడి ఒకే రీతి హోరు వినిపిస్తుంది. ముక్కలన్నీ నలిగాయనడానికి అదే గుర్తు. ఆపి, సన్న జల్లెడ పట్టి, మిగిలిన పలుకులు తర్వాత వాయిలో వేసుకోవడమే.

అసలు జాగ్రత్త అంతా వేడి దగ్గర. ఇంత వేగంగా తిరిగితే రాపిడికి గిన్నె చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. మసాలా వాసన అంతా ఇట్టే ఆవిరయ్యే నూనెల్లో ఉంటుంది కదా, పట్టేటప్పుడు ఇల్లంతా ఘుమఘుమలాడుతోందంటే ఆ మేరకి పొడిలోంచి పోయినట్టే లెక్క. పెద్ద ఫ్యాక్టరీల్లో ద్రవ నైట్రోజన్‌తో చల్లబరుస్తూ మసాలాలు పొడి చేసే పద్ధతి ఉంది. మనకి ఫ్రీజర్ చాలు. యాలకులు, లవంగాలు, జాపత్రి గట్టిమూత డబ్బాలో పెట్టి కాసేపు ఫ్రీజర్‌లో ఉంచి, బయటికి తీసిన వెంటనే, చెమ్మ పట్టకముందే మిషన్‌లో వేసి, పదిహేను ఇరవై సెకన్లు తిప్పి ఆపి, మళ్లీ తిప్పి పట్టండి. అదే యాలకుల పొడి నెల తర్వాత సీసా మూత తీసినా ముక్కుకి తగులుతుంది. టైమర్ నాబ్ ఐదు నిమిషాల దాకా తిరుగుతుంది కానీ అంతసేపు ఏకబిగిన తిప్పాల్సిన సరుకు వంటింట్లో ఏదీ లేదు. మోటారు వేడెక్కి తనంతట తను ఆగిపోతే, మళ్లీ నడిపించే ఎర్ర బటన్ వెంటనే నొక్కకుండా పూర్తిగా చల్లారనివ్వండి.

గసగసాలు, నువ్వులు, ఎండు కొబ్బరి, జీడిపప్పు వద్దు. నూనె వదిలి బ్లేడ్ల కింద ముద్ద కడతాయి. గరం మసాలాలోకి జాజికాయ కావాలంటే చిదిపి ధనియాలతో కలిపి వేస్తే సరిపోతుంది.

ఇక పుట్టగొడుగులు. ఈ మిషన్ మీద నాకు ఇంత ఇష్టం కలగడానికి కారణం ఇవే. మా వీధిలో ఒకావిడ ఇంట్లోనే వరిగడ్డి మీద ముత్యపు చిప్ప పుట్టగొడుగులు పెంచుతారు, అమ్ముడుపోగా మిగిలినవి నేను తెచ్చుకుని ఒరుగులు పెడతాను. పచ్చి పుట్టగొడుగులో నూటికి 90 పాళ్లు నీళ్లే, కిలో ఎండబెడితే చేతికొచ్చేది వంద గ్రాములు. గొడుగు అడుగున ఉండే ఈనెలు పైకి వచ్చేలా పరిచి ఎండబెడితే ఎండకి వాటిలో విటమిన్ డి కూడా పెరుగుతుంది. మే నెల ఎండలకి రెండు రోజుల్లో ఎండిపోతాయి, కానీ సాయంత్రం సముద్రం గాలి తిరగకముందే లోపలికి తెచ్చేయాలి, లేకపోతే పగలంతా ఎండిందీ వృథా. మా అత్తయ్య ఒరుగు చేతిలోకి తీసుకుని విరిచి చూసి చెప్తుంది: "వంగితే మళ్లీ ఎండలో వెయ్యమ్మే, టక్కున విరగాల." ఈ మిషన్‌తో వచ్చిన పుస్తకంలో ఉన్న సూచనలన్నిటికంటే ఆ ఒక్క మాటే ఎక్కువ పనికొచ్చింది.

ఎందుకంటే పుట్టగొడుగు ఒరుగు గాల్లో చెమ్మని ఊరికే పీల్చేసుకుంటుంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు డబ్బాలో పెట్టిన ఒరుగులు కూడా మెత్తబడిపోయాయి. అలాంటివి మిషన్‌లో వేస్తే ఎంత తిప్పినా పొడి రాదు, దూదిలా పీచు పీచుగా రేగి మూతకి అతుక్కుంటుంది. ముత్యపు చిప్ప కాడల్లో ఈ పీచు మరీ ఎక్కువ, కాబట్టి గట్టి కాడలు ముందే కోసి తీసేస్తాను. వానాకాలంలో అయితే పట్టే ముందు మందపాటి బాణలిలో బాగా సన్నమంట మీద రంగు మారకుండా కదుపుతూ కరకరలాడేదాకా వెచ్చబెట్టి, మూత ఉన్న డబ్బాలో పూర్తిగా చల్లారనిచ్చి అప్పుడు వేస్తాను. వేడివేడిగా వేస్తే లోపల ఆవిరి పట్టి పొడి ఉండలు కడుతుంది. ఇలా చేస్తే మాత్రం ఒక్క నిమిషం కూడా పట్టదు, గోధుమరంగులో, రెండు వేళ్ల మధ్య రాస్తే ఏ పలుకూ తగలనంత మెత్తటి పొడి వస్తుంది. మిక్సీలో ఇంత మెత్తదనం నాకు ఎప్పుడూ రాలేదు, తేలికపాటి ముక్కలు బ్లేడుకి అందకుండా పైపైనే ఎగురుతుంటాయి.

మిషన్ ఆగగానే మూత తీయకండి. లోపల పొడి పొగలా తేలుతూ ఉంటుంది, అప్పుడే తీస్తే ముఖం మీదికి లేస్తుంది, ఆ రోజంతా దగ్గే. పది నిమిషాలు వదిలేసి, మూత మీద చేత్తో నాలుగు సార్లు తట్టి, అప్పుడు మెల్లగా తెరవండి. ఆయాసం, ఎలర్జీ ఉన్నవాళ్లు మాస్కు పెట్టుకోవాలి లేదా ఈ పని ఇంకొకరికి అప్పజెప్పాలి, ఇందులో మొహమాటం వద్దు.

ఆ పొడి ఒక చెంచా పప్పుచారులోనో, వంకాయ కూరలోనో, చికెన్ ఇగురులోనో వేసి ఉడికించండి, నీళ్లు నీళ్లుగా ఉండే చారు కూడా నాలుక మీద నిండుగా ఉంటుంది. పచ్చిగా పైన చల్లుకోవద్దు, ఉడకాల్సిందే. తొలకరికి పుట్టల దగ్గర మొలిచేవి ఏవో తెలియకుండా తెచ్చి ఎండబెట్టకండి. విషపు రకాల్లో విషం ఎండబెట్టినా, ఉడకబెట్టినా పోదు, పైగా పొడి చేశాక ఏది ఏదో ఎవరూ పోల్చుకోలేరు.

కారం సంగతి. మిరపకాయలు తేలికగా, గాలి నిండి ఉంటాయి, కిలో గిన్నె అని పేరే గానీ పావు కిలో కాయలకే నిండిపోతుంది. ఏడాది కారం అంటే మాటా? ఒక్కో వాయికీ గిన్నె చల్లారేదాకా ఆగుతూ పోతే రోజంతా చాలదు, వేడికి రంగు కూడా నల్లబడుతుంది. తొడిమలు తీసి, గలగలలాడేలా ఎండబెట్టిన కాయలు మరకి తీసుకెళ్లి దగ్గరుండి పట్టించుకుని, ఇంటికి తెచ్చి బట్ట మీద ఆరబోసి, ఉప్పు కలిపి జాడీకి ఎత్తుకోవడమే మంచిది. మధ్యలో కారం అయిపోయి ఓ గుప్పెడు కావలసి వస్తే మాత్రం పల్వరైజర్ ఆదుకుంటుంది.

కడగడం ఒక తలనొప్పి. మోటారు గిన్నెకి అతుక్కునే ఉంటుంది కాబట్టి నీళ్లు పోయకూడదు. గుప్పెడు పచ్చి బియ్యం వేసి తిప్పి, ఆ పిండి పారబోసి, పొడిబట్టతో తుడవాలి, బ్లేడు నట్టు కింద ఇరుక్కున్నది పాత టూత్‌బ్రష్‌తో తీయాలి. అప్పటికీ లవంగం వాసన పూర్తిగా పోదు. అందుకే ఒకే రోజు చాలా రకాలు పట్టేటప్పుడు పుట్టగొడుగులు ముందు, తర్వాత ధనియాల లాంటివి, ఆ తర్వాత ఘాటు మసాలాలు, అన్నిటికంటే చివర పసుపో కారమో. పొడులు గాజు సీసాల్లోనే ఉంచుతాను. పుట్టగొడుగుల పొడి చిన్న చిన్న సీసాల్లోకి సర్ది, వాడేది ఒకటి బయట పెట్టి మిగతావి ఫ్రిజ్‌లో పెడతాను, తడి చెంచా తగిలితే ఆ సీసా అంతా గడ్డే.

రిపేర్లు చెప్పాలి. రెండో ఏడు వాషరు గట్టిపడి మూత సందుల్లోంచి పొడి కారడం మొదలైంది. అమ్మినవాళ్లకి ఎన్ని మెసేజులు పెట్టినా జవాబు లేదు, వారంటీ కాగితం ఉండీ ఉపయోగం లేకపోయింది. డబ్బు తీసుకునేటప్పుడు ఉన్న మర్యాద తర్వాత ఉండకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది. చివరికి ట్రంకు రోడ్డులో మోటార్లు బాగుచేసే ఆయన రబ్బరు షీటు కొలిచి కోసి ఇచ్చాడు, అది ఇప్పటికీ బాగుంది. మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు కూడా ఆయన దగ్గరే మార్పించాను. అవి అరిగితే మిషన్ లోపల నిప్పురవ్వలు కనిపిస్తాయి, కాలిన వాసన వస్తుంది, అప్పుడు ఇంకా తిప్పితే మోటారుకే ఎసరు. కొనేటప్పుడు బ్రష్షులు, వాషరు ఒక్కో జత అదనంగా పెట్టెలో ఇస్తున్నారో లేదో చూసుకోండి, ఇవ్వకపోతే మీ ఊళ్లో డ్రిల్లింగ్ మిషన్లు బాగుచేసేవాళ్ల దగ్గర ఆ సైజు దొరుకుతుందేమో కనుక్కున్నాకే డబ్బు కట్టండి.