ప్రెడ్నిసోలోనా, డెఫ్లజాకార్టా? ఇమ్యూనిటీకి ఏది మేలు?

"అన్నా, డెఫ్లజాకార్ట్ అయితే ఇమ్యూనిటీ అంత పడిపోదంట, నిజమేనా?" డుషేన్ (కండరాలు క్రమంగా క్షీణించే జన్యు జబ్బు) ఉన్న పిల్లల తల్లిదండ్రులు నెలకొకరైనా ఫోన్ చేసి ఇదే అడుగుతారు. మొన్న దేవరకొండ నుంచి, అంతకుముందు వనపర్తి నుంచి. ఈ రెండు స్టెరాయిడ్లలో ఒకటి మా వాడికి మొదలుపెట్టేటప్పుడు మేమూ అదే ఆశతో ఉన్నాం.

లెక్క వేస్తే ఆ ఆశ నిలవలేదు. అప్పుడు వాడు 20 కిలోలు. కిలోకు 0.75 చొప్పున ప్రెడ్నిసోలోన్ రోజుకు 15 మి.గ్రా., 0.9 చొప్పున డెఫ్లజాకార్ట్ 18 మి.గ్రా. దాని 5 మి.గ్రా. బిళ్లకు దీని 6 మి.గ్రా. బిళ్ల సమానం. ఏదైనా మూడు బిళ్లలే, బలం ఒక్కటే. కండరాల్లో వాపును తగ్గించే మందే ఒంట్లో రోగాలతో పోరాడే కణాలనూ నెమ్మదింపజేస్తుంది.

తేడా వేరేచోట ఉంది. ప్రెడ్నిసోలోన్‌తో బరువు, మొండితనం ఎక్కువ, ధర తక్కువ. డెఫ్లజాకార్ట్‌తో బరువు తక్కువ, కంట్లో శుక్లాల భయం ఎక్కువ. మిర్యాలగూడలో మా ఇల్లు మొదటి అంతస్తు, వాడిని మోసేది నేనే. అందుకే డెఫ్లజాకార్ట్.

పది రోజులు వేసి పది రోజులు ఆపే పద్ధతా? 196 మంది పిల్లల మీద చేసి 2022లో ప్రచురించిన పరీక్షలో రోజూ వేసుకున్నవాళ్లే మెరుగ్గా ఉన్నారు. వామొరోలోన్ అనే కొత్త స్టెరాయిడ్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది 2023లో. దాని సంగతి మీ డాక్టర్‌నే అడగండి.

నన్నడిగితే బిళ్ల పేరు కన్నా టీకా ముఖ్యం. అమ్మవారు (చికెన్‌పాక్స్) పోయకుండా వేసే టీకా సర్కారు ఉచిత టీకాల్లో లేదు, ప్రైవేటులో వేయించాలి. బతికున్న వైరస్‌తో చేసింది కాబట్టి స్టెరాయిడ్ మొదలుపెట్టడానికి కనీసం నెల ముందే వేయించాలి. మేం అలాగే ఆగాం.

రెండోది జ్వరం. పోయిన వానాకాలం వాడు అన్నం ముట్టకుండా ముడుచుకుని పడుకున్నాడు. థర్మామీటర్‌లో 99 దాటలేదు. స్టెరాయిడ్ జ్వరాన్ని అణిచేస్తుంది. పైగా ఇన్ఫెక్షన్ లేకపోయినా తెల్లకణాలను పెంచుతుంది కాబట్టి రక్త పరీక్షనూ పూర్తిగా నమ్మలేం. ఊళ్లో ఒక క్లినిక్‌లో "తగ్గేదాకా స్టెరాయిడ్ ఆపండి" అన్నారు. న్యూరో డాక్టర్‌కు ఫోన్ చేస్తే గట్టిగా వద్దన్నారు. రోజూ బయటినుంచి అందుతుంటే, ఒంట్లో సహజంగా స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులు తమ పని మానేస్తాయి. ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. ఆ నాలుగు రోజులూ ఆయన డోసు పెంచారు. వాంతులై బిళ్ల నిలవకపోతే మాత్రం వెంటనే ఆసుపత్రికి తెచ్చి ఇంజెక్షన్ చేయించమన్నారు.

అప్పటినుంచి వాడి బడి సంచిలో, లంచ్ బాక్స్ పక్క జేబులో, ప్లాస్టిక్ కవర్‌లో ఒక చీటీ ఉంటుంది: "రోజూ స్టెరాయిడ్ వాడుతున్నాడు. ఆపకండి."