నాలుగేళ్లుగా గోడాక్స్ టీటీ600 ఫ్లాష్ వాడుతూ

నా నికాన్ డీ5600కి మొదట కొన్న ఫ్లాష్ తల పైకి లేచేది కానీ పక్కకి తిరిగేది కాదు. ధర తక్కువని తీసుకున్నాను. తల పైకెత్తి కొడితే వెలుగు సీలింగ్‌కి తగిలి మెత్తగా కిందికి వచ్చేది; కెమెరాని అడ్డంగా పట్టుకున్నంతసేపూ బాగానే ఉండేది. నిలువు ఫోటో కోసం తిప్పగానే వెలుగు సీలింగ్‌ని వదిలేసి పక్క గోడకి పోయేది. మా అక్క కూతురి ఓణీల ఫంక్షన్‌లో పాప నిలువు ఫోటోలన్నిటిలో ఒక చెంప తెల్లగా పాలిపోయి, రెండోది చీకట్లో ఉండిపోయింది. ఆ రోజు మళ్లీ రాదు కదా, ఇప్పటికీ ఆ ఆల్బమ్ చూస్తే మనసు చివుక్కుమంటుంది.

ఆ తర్వాత కొన్నదే టీటీ600. కొత్తగా ఫ్లాష్ కొనేవాళ్లు ముందు చూడాల్సింది తల పైకీ, రెండు పక్కలకీ తిరుగుతుందా అని. పవర్ ఎంత, ఇంకేం ఫీచర్లున్నాయి అన్నవి ఆ తర్వాతే.

ఇందులో టీటీఎల్ లేదు. అంటే ఎంత వెలుగు వదలాలో కెమెరా లెక్కకట్టదు; పూర్తి పవర్ (1/1) నుంచి అందులో 1/128 వంతు వరకు మనమే పెట్టుకోవాలి. మొదటి వారం టెన్షన్ పడ్డాను. మా హాల్లో పదడుగుల తెల్ల సీలింగ్‌కి కొట్టి చూసుకుంటూ కెమెరాలో ఐఎస్ఓ 400, ఎఫ్/4, షట్టర్ 1/160 సెకను, ఫ్లాష్ పవర్ 1/4 దగ్గర కుదిరింది. ఇప్పుడు ఎక్కడికెళ్లినా అక్కడే మొదలుపెట్టి, ఒక మెట్టు అటో ఇటో జరుపుతాను. కానీ పెళ్లిళ్లలో మండపానికీ గుమ్మానికీ మధ్య పరుగులు పెట్టేవాళ్లకి ఇది కష్టం. వాళ్లు టీటీ685 లాంటి టీటీఎల్ ఫ్లాష్, అదీ తమ కెమెరా బ్రాండుకి చేసినదే తీసుకోవాలి.

ఫంక్షన్ హాల్ సీలింగ్ మరీ ఎత్తుగా ఉంటే దానికి కొట్టిన వెలుగు కిందికి రాదు. లేత ఆకుపచ్చ గోడకి కొడితే ముఖాలకీ ఆ రంగే అంటుకుంటుంది. షట్టర్ వేగం 1/200 సెకను దాటిస్తే నా కెమెరాలో ఫోటోకి ఒక అంచున నల్ల పట్టీ పడుతుంది.

సెల్స్ విషయంలో పిసినారితనం వద్దు. నాలుగు పెన్సిల్ సెల్స్ పడతాయి. మామూలు సెల్స్ వేస్తే కాసేపటికే ఫ్లాష్ రెడీ అవడానికి ఎదురుచూస్తూ నిలబడాలి. ఎనెలూప్ రీఛార్జబుల్ సెల్స్ రెండు సెట్లు ఉంటే సాయంత్రమంతా నిశ్చింత. ఇంటికి రాగానే మాత్రం బయటికి తీసి పెట్టేస్తాను.

కెనాన్ 200డీ మార్క్ 2 ఉన్నవాళ్లు ఒక్కటి గమనించండి. దాని హాట్ షూలో, అంటే పైన ఫ్లాష్ తగిలించే చోట, మధ్య పిన్ను ఉండదు, కాబట్టి ఒకే పిన్నున్న ఈ ఫ్లాష్ దానిమీద పెడితే వెలగదు.

నాకు బాగా నచ్చింది కెమెరా మీంచి దించి వాడటం. ఇంట్లోనైతే, దూరంగా ఉన్న ఫ్లాష్‌ని వెలిగించే ట్రిగ్గర్ కూడా కొనక్కర్లేదు. డీ5600లోనే ఉండే చిన్న పాప్‌అప్ ఫ్లాష్‌ని మాన్యువల్‌లో 1/32కి తగ్గించి, టీటీ600ని ఎస్1 మోడ్‌లో పెడితే ఆ చిన్న వెలుగు చూసి ఇదీ వెలుగుతుంది. పోయిన సంక్రాంతికి దీన్ని బీరువా మీద పెట్టి, తల గోడవైపు తిప్పి, అమ్మమ్మని కిటికీ పక్కన కూర్చోబెట్టాను. గోడ మీంచి మెత్తగా వచ్చిన వెలుగులో కమ్మల రాళ్లు, కళ్ల పక్క ముడతలు, నుదుటి మీద చెదిరిన కుంకుమ విడివిడిగా కనిపించాయి. అమ్మమ్మ ఆ ఫోటోని చాలాసేపు చేత్తో పట్టుకుని కూర్చుంది.