స్వెట్టర్లు అల్లే చేతికి క్రోషియా సింగిల్ కుట్టు: మూడేళ్ల వాడకం తర్వాత

రెండు సూదులతో ఊలు అల్లడం నాకు ఇరవై ఏళ్ల పైనుంచి వచ్చు. మావారి ఉద్యోగం డెహ్రాడూన్‌లో ఉన్నప్పుడు పక్క క్వార్టర్‌లో ఉండే ఆంటీ నేర్పారు. చలికాలం మధ్యాహ్నం ఎండలో మంచం వాల్చుకుని కూర్చుంటే, అక్కడ చేతిలో సూదులు లేని ఆడవాళ్లు అరుదు. హైదరాబాద్ వచ్చాక స్వెట్టర్ అవసరం ఏడాదికి రెండు నెలలకు కుదించుకుపోయింది. చెయ్యి మాత్రం ఊరుకోలేదు. సంచులు, మ్యాట్లు చేద్దామని మూడేళ్ల కిందట క్రోషియా సూది, అంటే చివర కొక్కెం ఉండే ఒంటి సూది, కొన్నాను. ఇప్పటికీ నాకు బాగా వచ్చింది ఒక్క కుట్టే, సింగిల్ క్రోషియా. ఈ సమీక్ష ఆ కుట్టు గురించే.

అల్లిక వచ్చినవాళ్లకి క్రోషియా వారంలో వచ్చేస్తుందని చాలామంది అంటారు. నా అనుభవం అలా లేదు. వచ్చిన విద్యే మొదట్లో అడ్డం పడింది.

చెప్పుకోడానికి కుట్టు చాలా సులువు. కింది వరుసలో కుట్టు నెత్తిన జడపాయలా రెండు పోగులు ఉంటాయి. ఆ రెండింటి కిందుగా సూది దూర్చి, దారం అందుకుని లాగితే సూది మీద రెండు ఉచ్చులు అవుతాయి. మళ్లీ దారం అందుకుని ఆ రెండింట్లోంచీ ఒకేసారి లాగేస్తే కుట్టు పూర్తయినట్టే. వరుస చివర ఒక గొలుసు, అంటే సూది మీది ఉచ్చులోంచి దారం ఒక్కసారి లాగితే వచ్చే కుట్టు, వేసి తిప్పుకోవాలి. ఇంతకంటే ఏమీ లేదు. ఈ ముక్క నాకు పది నిమిషాల్లో అర్థమైంది, చెయ్యి మాట వినడానికి రెండు నెలలు పట్టింది.

మొదటి గొడవ దారం పట్టుకోవడంతో. డెహ్రాడూన్‌లో నేర్చిన పద్ధతిలో ఊలు కుడిచేతి చూపుడువేలి మీద నుంచి వస్తుంది, ఆ వేలితోనే సూది చుట్టూ తిప్పుతాం. క్రోషియాలో దారం ఎడమచేతిలో ఉండాలి, కొక్కెం వెళ్లి దాన్ని అందుకోవాలి. నా ఎడమచేతికి అంతవరకూ ఆ పని లేదు. వారం రోజులు కుడిచేత్తోనే దారం తిప్పి కొక్కేనికి తొడిగాను. పని నడుస్తుంది కానీ నత్తనడక. చిటికెనవేలికి ఒక చుట్టు చుట్టి, చూపుడువేలి మీదుగా తీసి, ఆ వేలిని కాస్త పైకెత్తి ఉంచడం అలవాటయ్యాకే వేగం వచ్చింది.

రెండోది బిగింపు. అల్లికలో నాది బిగుతు చెయ్యి. అదే చేత్తో ముక్క మొదలుపెట్టే గొలుసు వేస్తే తర్వాతి వరుసలో కొక్కెం దూరదు. పళ్లబిగువున దూరిస్తే దారం పాయలు విడిపోతుంది. ఈ అవస్థ చూసి మా అత్తయ్యగారు, "ఏంటమ్మా ఆ బిగింపు, దారం పీక నొక్కుతున్నట్టు? కాస్త ఊపిరాడనీ," అన్నారు. ఆవిడది నరసాపురం దగ్గర పల్లె. క్రైస్తవ మిషనరీల ద్వారా పందొమ్మిదో శతాబ్దంలో ఆ ప్రాంతానికి వచ్చిన లేసు పని, ఆవిడ చిన్నప్పుడు ఊళ్లో అరుగరుగునా ఉండేదట. 2024లో నరసాపురం క్రోషియా లేసుకి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిందని పేపర్లో చూసి చదివి వినిపిస్తే, "మరి కూలి పెంచారా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆవిడ వాడిన స్టీలు సూది చివర కొక్కెం, కళ్లజోడు లేకుండా నాకు కనపడదు. దారం కూడా సన్నటి కాటన్. దాని పక్కన నా 4 మి.మీ. అల్యూమినియం సూది, నాలుగు పోగుల ఊలు చూస్తే గునపంతో తవ్వుతున్నట్టే ఉంటుంది. పని తేడా అయినా ఆవిడ చెప్పిన కిటుకు పారింది. మొదటి గొలుసు 5 మి.మీ. సూదితో వేసి, తర్వాతి వరుసలు 4 మి.మీ.తో వేస్తే అడుగున ముడుచుకుపోదు.

మూడోదే అసలు పరీక్ష, లెక్క. ఇరవై కుట్లతో మొదలుపెట్టిన నా మొదటి ముక్క పదో వరుసకు పదకొండుకు వచ్చింది. చతురస్రం చేద్దామనుకుంటే గాలిపటం తోకలా సన్నబడింది. ఎందుకో తెలియడానికి చాలా రోజులు పట్టింది. సూదుల అల్లికలో ఎన్ని కుట్లున్నాయో సూది మీదే వరసగా కనిపిస్తాయి, ఒకటి జారితే తెలిసిపోతుంది. ఇక్కడ సూది మీద ఎప్పుడూ ఒక్క ఉచ్చే. మిగతా లెక్కంతా ముక్క అంచులో దాక్కుంటుంది. అల్లికలో నా కళ్లు ముక్క ముఖం మీద కనిపించే వీ ఆకారాల్ని చదవడానికి అలవాటు పడ్డాయి. క్రోషియాలో ఆ వీ ఆకారాలు పైఅంచున పడుకుని ఉంటాయి. ముక్కని కొంచెం ముందుకు వంచి నెత్తి మీద నుంచి చూడాలి. అలా చూసిన రోజున తెలిసింది, నేను ప్రతి వరుసలోనూ ఆఖరి కుట్టు వదిలేస్తున్నాను. అది పక్కకు ఒరిగి, ముడిలా బిగుసుకుని, కుట్టే కాదన్నట్టు ఉంటుంది. అప్పటినుంచి వరుసలో మొదటి కుట్టుకి పిన్నీసు తగిలిస్తున్నాను. తిరిగి వచ్చేటప్పుడు ఆ పిన్నీసు ఉన్నచోట కుట్టు వేస్తే లెక్క తప్పదు. మూడేళ్లయినా పిన్నీసు మానలేదు, దానికి నామోషీ కూడా లేదు.

ఇంకో మాట, పేర్ల గొడవ. అమెరికా వాళ్లు సింగిల్ అనేదాన్ని బ్రిటన్ వాళ్లు డబుల్ అంటారు. ఇది తెలియక ఒక బ్రిటిష్ నమూనా పట్టుకుని, డబుల్ అన్నచోటల్లా అమెరికా డబుల్ వేశాను. అది రెండింతలు పొడుగు కుట్టు. ఆడపడుచు మనవడికి టోపీ చేస్తే పప్పుగిన్నె మీద బోర్లించడానికి సరిపోయింది. నమూనా మొదలుపెట్టే ముందు ఏ దేశపు లెక్కో చూసుకోండి. ట్రెబుల్ అనే మాట మామూలు కుట్టులా అడుగడుగునా వస్తుంటే దాదాపు బ్రిటిష్ నమూనానే.

ఇక దీనివల్ల ఒరిగిందేమిటి? మొదటిది, భయం పోయింది. అల్లిక సగంలో ఉండగా సూది జారితే గుండె జారుతుంది, నలభై ఉచ్చులు నోళ్లు తెరుచుకుని నిలబడతాయి. క్రోషియాలో ఆ ఒక్క ఉచ్చుకి పిన్నీసు గుచ్చి సంచిలో పడేస్తే చాలు. నరసాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి పై బెర్తు మీద నుంచి నా పని మొత్తం కింది బెర్తాయన మీద పడింది. పొద్దున తీసి చూస్తే ఊడింది మూడే కుట్లు. తప్పు వస్తే విప్పడమూ సుఖమే, దారం లాగుతూ కావలసినచోట ఆపి కొక్కెం పెట్టేస్తే సరి.

నేను ఊహించని లాభం స్వెట్టర్లలో వచ్చింది. కార్డిగన్ ముందు అంచులు లోపలికి చుట్టుకుపోతాయి కదా, వాటికి ఒక వరుస సింగిల్ వేస్తే బుద్ధిగా పడుకుంటాయి. పక్క అంచున అల్లిక వరుసకి ఒక్కో కుట్టు చొప్పున వేస్తే ఫ్రిల్లులా అలలు వస్తాయి. నాలుగు వరుసలకు మూడు కుట్లు నాకు సరిగ్గా కుదిరింది. ఇంకా, ఎడమచేతికి దారం పట్టడం వచ్చాక రెండు రంగుల స్వెట్టర్ అల్లేటప్పుడు ఒక రంగు కుడిచేతిలో, ఇంకోటి ఎడమచేతిలో పెట్టుకుంటున్నాను. ఉండలు చిక్కుపడటం సగం తగ్గింది.

లోపాలు లేకపోలేదు. ఈ కుట్టు ఊలు తినేస్తుంది. ఒకే ఉండలోంచి 15 సెం.మీ. చతురస్రాలు రెండు చేసి వంటింటి కాటాలో తూచాను. సూదులది 11 గ్రాములు, క్రోషియాది 16. పైగా మందం, బిరుసు. సంచికి ఆ బిరుసే వరం. చంటిపిల్లల స్వెట్టర్‌కి మాత్రం నేను వాడను, ఒకసారి చేసిన జాకెట్ నిలబెడితే నిలబడింది. కుట్టు పొట్టిది కాబట్టి ముక్క ఎత్తు పెరగడానికి ఓపిక కావాలి. గుండ్రంగా తిప్పుతూ అల్లితే కుట్లు మెల్లగా కుడివైపు జరుగుతాయి, బుట్టమీద నిలువు గీత తీసుకుందామనుకుంటే అది ఏటవాలుగా పోతుంది. అది తప్పు కాదు, కుట్టు స్వభావమే. బొటనవేలి మొదట్లో నొప్పి కూడా కొత్తగా వచ్చింది. సూదిని పెన్సిల్‌లా కాకుండా చాకులా గుప్పిట పట్టుకుంటే తగ్గింది. రబ్బరు పిడి సూది ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పిస్తే నెలలో పిడి ఊడి తిరగడం మొదలెట్టింది. ఇప్పుడు మామూలు ‘పోనీ’ కంపెనీ అల్యూమినియం సూదులే వాడుతున్నాను, వాటితో ఏ పేచీ లేదు.

ఐదుకి నాలుగు ఇస్తాను. ఊలు ఖర్చుకి ఒకటి తగ్గించాను.

నేర్చుకోవాలనుకునే స్వెట్టర్ల వాళ్లు లేతరంగు, మెలిక గట్టిగా ఉన్న దారం తీసుకోండి. నల్లదారంలో కుట్టు నెత్తి కనపడదు, నూగుదారమైతే విప్పడానికి రాదు. వేడి గిన్నెలు దించే మ్యాటుకి కాటనే వాడండి, అక్రిలిక్ కరిగి గిన్నెకి అంటుకుంటుంది. గాలిపటం తోకలా తయారైన నా మొదటి ముక్క అక్రిలిక్‌దే. పారేద్దామంటే అత్తయ్యగారు తీసుకెళ్లి ఆవకాయ జాడీ కింద వేశారు.