సబ్సిడీయా, కంపెనీలకు కోటాయా, సెల్లార్‌లో ప్లగ్గా: ఏది మేలు?

ఎలక్ట్రిక్ స్కూటర్ల ప్రస్తావన వచ్చినప్పుడల్లా నాకు ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే. "సబ్సిడీ తగ్గించేశారు కదండీ, ఇక ఈ బండ్లు పెరుగుతాయా? అసలు ప్రభుత్వం ఏం చేస్తే జనం కొంటారు?" విజయవాడ వాళ్లూ అడుగుతున్నారు, గుంటూరు వాళ్లూ అడుగుతున్నారు. అందరి చూపూ షోరూమ్ ధర మీదే. నా దృష్టిలో అసలు చిక్కు షోరూమ్‌లో లేదు, బండిని రాత్రి నిలబెట్టే చోట ఉంది. అయినా సబ్సిడీతోనే మొదలుపెడతాను, అడిగేది దాని గురించే కాబట్టి.

మూడు కిలోవాట్ అవర్ల (అంటే మూడు యూనిట్ల కరెంటు పట్టే) బ్యాటరీ ఉన్న స్కూటర్ తీసుకోండి. 2021 జూన్‌లో కేంద్రం ఫేమ్-2 అనే సబ్సిడీ పథకం కింద కిలోవాట్ అవర్‌కు 15,000 రూపాయలు, ధరలో 40 శాతం మించకుండా ఇచ్చారు. అంటే ఆ బండి మీద దాదాపు 45,000 దాకా. 2023 జూన్‌లో దాన్ని 10,000కి దించి, పరిమితిని 15 శాతం చేశారు. 2024 ఏప్రిల్‌కి అది 5,000కి వచ్చింది, బండికి పదివేలు దాటకూడదు. ఆ అక్టోబరులో వచ్చిన పీఎం ఈ-డ్రైవ్ అనే కొత్త కేంద్ర పథకంలో మొదటి ఏడాది అంతే, రెండో ఏడాది అందులో సగం. ద్విచక్ర వాహనాలకు గడువు 2026 మార్చి 31 అని 2025 ఆగస్టు నోటిఫికేషన్‌లో పెట్టారు.

దీనివల్ల ఏం జరిగిందో చూడండి. 2023 మేలో దేశం మొత్తమ్మీద లక్ష దాటిన ఎలక్ట్రిక్ ద్విచక్ర వాహనాల రిజిస్ట్రేషన్లు, సబ్సిడీ కోసిన జూన్‌లో సగానికి పడ్డాయి. కథ ఇంతటితో ఆగితే సబ్సిడీయే ప్రాణం అనుకోవచ్చు. కానీ 2024-25లో సబ్సిడీ ఇంకా తక్కువ, అమ్మకాలు మాత్రం పదకొండు లక్షలు దాటాయి. అంతకుముందు ఏడాది తొమ్మిదిన్నర లక్షల లోపే. బజాజ్, టీవీఎస్ లాంటి పాత కంపెనీలు గట్టిగా దిగాయి, లక్ష లోపు మోడళ్లు పెరిగాయి, బ్యాటరీల ధర తగ్గింది. సబ్సిడీ మార్కెట్‌ను లేపి నిలబెట్టిన మాట నిజం. ఆ తర్వాత అది ఊతంగా ఉన్నదానికన్నా టెన్షన్‌గా ఉన్నదే ఎక్కువ: వచ్చే నెల తగ్గిస్తారేమో, ఇప్పుడే కొనాలా, ఆగాలా అని. జర్మనీ 2023 డిసెంబరులో ఉన్నట్టుండి ఆపేస్తే 2024లో అక్కడ ఎలక్ట్రిక్ కార్ల అమ్మకాలు 27 శాతం పడిపోయాయి. డబ్బు ఎంతిచ్చారన్నదానికన్నా ఎలా ఆపారన్నది ఎక్కువ దెబ్బ కొడుతుంది.

ఇంకో మాట. మన దగ్గర కొన్ని కంపెనీలు చార్జర్‌ను విడిగా బిల్లు వేసి, బండి ధరను సబ్సిడీ పరిమితి లోపల చూపించాయి. 2023లో సంగతి బయటపడ్డాక కొన్నవాళ్లకు చార్జర్ డబ్బు వెనక్కి ఇచ్చాయి. సబ్సిడీ ఉన్నచోట ఇలాంటి తెలివితేటలు పుడుతూనే ఉంటాయి.

పన్ను మినహాయింపు దీనికి తమ్ముడు, కాకపోతే నిదానస్తుడు. ఎలక్ట్రిక్ బండ్ల మీద జీఎస్టీ 2019 ఆగస్టు నుంచి 5 శాతం. అప్పట్లో పెట్రోలు స్కూటర్ మీద 28. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న పెట్రోలు బండ్లకు 18 శాతం చేశారు. అంటే 23గా ఉన్న తేడా 13కి వచ్చింది. సబ్సిడీ తగ్గిందని గోల చేసినవాళ్లలో ఈ తేడా కరగడాన్ని గమనించినవాళ్లు తక్కువ. ఇక రోడ్డు పన్ను సంగతి. మన ఆంధ్రప్రదేశ్ 2018 విధానంలోనే మినహాయింపు పెట్టింది, తెలంగాణ 2024 నవంబరు నుంచి 2026 డిసెంబరు దాకా నూటికి నూరు శాతం ఎత్తేసింది. మంచిదే, ఉండనివ్వాలి. ఎవరికీ చేతికి డబ్బివ్వరు, అందుకే ఎత్తేసేటప్పుడు గోల కూడా తక్కువే. లైఫ్ ట్యాక్స్ మిగిలిందని బండి కొన్నవాళ్లు ఉన్నారు గానీ, కొనకుండా ఆగిపోయినవాళ్లను అడిగితే కారణం అది అని చెప్పేవాళ్లు నాకు కనబడలేదు.

మూడోది కంపెనీల మీద కోటా. అమ్మే బండ్లలో ఇంత శాతం ఎలక్ట్రిక్ ఉండాలి, లేకపోతే జరిమానా కట్టు, లేదా ఎక్కువ అమ్మినవాడి దగ్గర క్రెడిట్లు కొనుక్కో అనడం. కాలిఫోర్నియా 1990లోనే ఈ దారి పట్టింది. చైనా 2019లో 10 శాతం, 2020లో 12 శాతం క్రెడిట్ల లెక్కతో కంపెనీల మెడ మీద కత్తి పెట్టింది, జాతీయ సబ్సిడీని 2022 చివరికి ఆపేసింది, అయినా అమ్మకాలు ఆగలేదు. బ్రిటన్ 2024లో 22 శాతంతో మొదలుపెట్టి 2030కి 80 శాతం అంటోంది. ఖజానా మీద భారం పడకపోవడం ఇందులో పెద్ద సుఖం. సరఫరా మాట వచ్చేసరికి దీన్ని మించింది లేదు, ఎందుకంటే కంపెనీయే చవక మోడల్ తయారుచేసి, డీలర్ దగ్గర స్టాకు పెట్టి, మెకానిక్‌కు శిక్షణ ఇచ్చి అమ్ముకోవాల్సి వస్తుంది. మనకు 'కేఫ్' అనే ఇంధన సామర్థ్య నిబంధనలు ఉన్నాయి గానీ అవి కార్లకే. దేశంలో ఎక్కువగా అమ్ముడయ్యేది ద్విచక్ర వాహనాలు, వాటికి అలాంటి పగ్గం లేదు. ఇది పూడ్చాల్సిన కంతే. అయితే 2025లో చైనా అరుదైన ఖనిజాల మాగ్నెట్ల ఎగుమతి బిగించేసరికి మన స్కూటర్ల తయారీ ఎలా ఇబ్బంది పడిందో చూశాం. మోటారుకు మాగ్నెట్ దొరకనప్పుడు కోటా పెట్టి లాభమేముంది?

ఇప్పుడు నేను అసలు తేల్చేది అనుకునే విషయానికి వస్తాను. రోజుకు ముప్ఫై కిలోమీటర్లు తిరిగే మనిషికి పెట్రోలు స్కూటర్ మీద నెలకు ఇరవై లీటర్లు పోతుంది, ఇక్కడి విజయవాడ ధరకు రెండు వేలు పైమాటే. అదే దూరానికి ఎలక్ట్రిక్ బండికి ముప్ఫై, ముప్ఫై అయిదు యూనిట్లు చాలు. ఇంటి మీటర్ 225 యూనిట్లు దాటి యూనిట్‌కు 8.75 స్లాబులో పడ్డా బిల్లు మీద మూడు వందలే. తర్వాత బిల్లులో కలిపే ట్రూఅప్ సర్దుబాటు చార్జీలు వేసుకున్నా పెట్రోలు ఖర్చు దరిదాపులకు రాదు. ఈ లెక్క అందరికీ తెలుసు. తెలిసీ ఎందుకు కొనరు? పటమట, మొగల్రాజపురం, గుణదల, కానూరు, ఎటు చూసినా పాత అపార్ట్‌మెంట్లు. కింద సెల్లార్‌లో వరసగా బండ్లు, ఒక్క ప్లగ్గు ఉండదు. ఉన్నా అది వాచ్‌మన్ ఫ్యాన్‌కో మోటారుకో, కామన్ మీటర్ మీద. "నీ బండికి కరెంటు మా మెయింటెనెన్స్‌లోంచా?" అని మొదటి మీటింగులోనే తేలుస్తారు. అద్దెకున్నవాడైతే నోరెత్తే పనే లేదు, ఓనర్ ఊళ్లో ఉండడు, ఫోన్‌లో "ఇప్పుడెందుకండీ అవన్నీ" అంటాడు. మూడో అంతస్తు నుంచి వైరు వేలాడదీసినవాళ్లను చూశాను. బ్యాటరీ ఊడదీసి లిఫ్ట్‌లో పైకి మోసుకెళ్లేవాళ్లూ ఉన్నారు.

అసోసియేషన్ల భయం మంటల గురించి. అది ఉత్తిది అనను. 2022 ఏప్రిల్‌లో సూర్యారావుపేటలో పడకగదిలో చార్జింగ్ పెట్టిన బ్యాటరీ తెల్లవారుజామున పేలి ఒకరు చనిపోయారు. కానీ ఆ ఘటన నాకు చెప్పేది ఇంకోటి: కింద ప్లగ్గు ఇవ్వకపోతే బ్యాటరీ పడకగదిలోకి వస్తుంది. సెల్లార్‌లో, సరైన ఎర్తింగ్, ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆపేసే స్విచ్చు) ఉన్న ప్లగ్గు దగ్గర, మంచం పక్కన లేని బ్యాటరీ ఎప్పుడూ మేలే. ఆ ఏడాది డిసెంబరు నుంచి, తర్వాత 2023 మార్చి ఆఖరు నుంచి బ్యాటరీ పరీక్షలు కూడా కఠినం చేశారు. ఇంకో అభ్యంతరం నీళ్లు. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు కింద ఉన్న బండ్ల గతి చూసినవాళ్లకు సెల్లార్ అంటే గుండె గుభేలుమంటుంది. కాబట్టి ప్లగ్గు ఎత్తులో ఉండాలి, స్విచ్చు మెట్ల దగ్గర ఉండాలి. నిబంధన రాసేవాళ్లు ఢిల్లీలో కూర్చుంటే ఈ ఎత్తు గుర్తుకురాదు.

చట్టం అసలు లేకపోలేదు. 2024 ఫిబ్రవరిలో కేంద్రం విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు సవరించి, బండి చార్జింగ్‌కు విడి కనెక్షన్ అడిగితే ఇవ్వాలంది. కొత్త కనెక్షన్‌కు గడువు మన లాంటి మున్సిపల్ ప్రాంతాల్లో 7 రోజులు. 2019లో మార్చిన నమూనా భవన నిబంధనలు పార్కింగ్‌లో 20 శాతానికి చార్జింగ్ ఏర్పాటు ఉండాలంటాయి, అదీ కొత్త భవనాలకు. పాత అపార్ట్‌మెంట్‌లో కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం) సరేనన్నా అసోసియేషన్ గోడ మీద బోర్డు బిగించనివ్వకపోతే? ఇక్కడే ఫ్రాన్స్ దారి నాకు నచ్చుతుంది. అక్కడ తన ఖర్చుతో ప్లగ్గు పెట్టించుకునే హక్కు అద్దెకున్నవాళ్లకూ ఉంది, కాదనాలంటే సంఘం తగిన కారణంతో కోర్టుకెళ్లాలి. భారం అడిగేవాడి మీద కాకుండా వద్దనేవాడి మీద పడింది. అలాంటి చిన్న చట్టం ఒకటి చేయడానికి ప్రభుత్వానికి పెద్ద ఖర్చేమీ లేదు.

దీనికి ఒక పెద్ద లోటు ఉంది, దాచను. చిట్టినగర్, విద్యాధరపురం వైపు కొండల మీద ఇళ్లున్నవాళ్లు బండ్లు కిందే, వీధి పక్కన పెట్టి మెట్లెక్కుతారు. సెల్లారే లేనివాడికి సెల్లార్ హక్కు ఎందుకు? వాళ్లకు వీధి స్తంభం దగ్గర మీటరున్న సాకెట్ కావాలి, లేదా బ్యాటరీ మార్చే కేంద్రం. పబ్లిక్ చార్జింగ్ స్టేషన్లకు విద్యుత్ నియంత్రణ మండలి యూనిట్‌కు 6.70 టారిఫ్ పెట్టినా మన దగ్గర వసూలు చేసేది తరచు దానికి రెండింతల పైనే. పీఎం ఈ-డ్రైవ్‌లో చార్జింగ్‌కు పెట్టిన 2,000 కోట్లలో ఎక్కువ హైవే పక్కకు పోకుండా ఇలాంటి వీధులకు వస్తే బాగుండు.

మిగతావి రెండు ముక్కల్లో. పెట్రోలు మీద పన్ను పెంచడం: 31 శాతం వ్యాట్, పైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. ఇప్పటికే ఇంత కడుతున్నాం, ఇంకా పెంచితే జనం బండి మార్చరు, ప్రభుత్వాన్ని మారుస్తారు. ఎలక్ట్రిక్ బస్సులు: రావాలి, వస్తాయి, దాని మీద వాదనే లేదు. ఆటోలకు సబ్సిడీ కన్నా అప్పు మీద వడ్డీ ముఖ్యం, బ్యాటరీ బండి సెకండ్ హ్యాండ్‌లో ఎంత పలుకుతుందో తెలియక ఫైనాన్స్ వాళ్లు ఎక్కువ అడుగుతారు. ఆ రిస్కులో కొంత ప్రభుత్వం భరిస్తే చాలు.

నా వరస ఇదీ: మొదట ప్లగ్గు హక్కు, వెంటనే ద్విచక్ర వాహనాలకు కోటా, జీఎస్టీ తేడా కదపకుండా ఉంచడం, సబ్సిడీ డబ్బు ఆటోల అప్పు రిస్కు భరించడానికే. కొనాలా, ఆగాలా అని అడిగేవాళ్లకు నా జవాబు: సబ్సిడీ కోసం ఆగకండి. ముందు కింద మీ పార్కింగ్ గోడ దాకా విడి మీటర్ లైను వస్తుందో లేదో కనుక్కోండి, విడి కనెక్షన్‌కు దరఖాస్తు మీ పేరున పెట్టండి, అసోసియేషన్ సమ్మతి కాగితం మీద తీసుకోండి. ఆ కాగితం చేతికొచ్చాకే షోరూమ్‌కి వెళ్లండి.