ఏడేళ్లు, మూడొందల డబ్బాలు: ఎయిర్ రైఫిల్ పెల్లెట్ల గురించి ఓ తండ్రి అనుభవం

మా అమ్మాయి ఏడో తరగతిలో ఎయిర్ రైఫిల్ పట్టింది, ఇప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. ఈ ఏడేళ్లలో మా ఇంట్లో మూడొందలకు పైగా పెల్లెట్ (రైఫిల్లో వేసే చిన్న సీసపు గుండు) డబ్బాలు ఖాళీ అయ్యాయి. డబ్బాకి 500 పెల్లెట్లు. కొనేది నేను, కాల్చేది తను. పిల్లల్ని కొత్తగా ఈ ఆటలో చేర్పించిన తల్లిదండ్రులు షూటింగ్ రేంజ్‌లో నన్ను అడిగే మొదటి ప్రశ్న, “ఏ కంపెనీవి కొనాలండీ?” కంపెనీ సంగతి తర్వాత, ముందు డబ్బా వెనకున్న లాట్ నంబరు, అంటే ఒకే విడతలో తయారైనవాటికి వేసే నంబరు చూడండి అంటాను. అలా ఎందుకంటానో చెప్పాలంటే తను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పటి సంగతి చెప్పాలి.

పది మీటర్ల పోటీలో 60 షాట్లు. ఒక్కో షాట్‌కి ఎక్కువలో ఎక్కువ 10.9 పాయింట్లు. అప్పటికి తను 615 దగ్గర నిలకడగా కొడుతోంది. ఆ వేసవిలో ఉన్నట్టుండి 607కి, తర్వాత 605కి పడిపోయింది. ఊపిరి సరిగ్గా ఆపట్లేదన్నాం. ట్రిగ్గర్ గుంజేస్తున్నావన్నాం. కాళ్లు పెట్టే తీరు మార్పించాం, జాకెట్ బిగువు చూశాం. నెల రోజులు ఇదే గొడవ. ఒక సాయంత్రం, “నాన్నా, నేను సరిగ్గానే వదిలాను. అది అటెందుకు వెళ్లిందో నాకు తెలీట్లేదు” అని కళ్లనీళ్లు పెట్టుకుంది. నేను నమ్మలేదు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఆ మాట నమ్మింది కోచ్ సారే. పాత డబ్బాలో అడుగున ఓ నలభై పెల్లెట్లు మిగిలుంటే తెమ్మన్నారు. రైఫిల్‌ని రబ్బరు ముక్కల మధ్య బెంచి వైస్‌లో బిగించి, మనిషి చెయ్యి తగలకుండా పాతవి పది, కొత్తవి పది కాల్చారు. రెండు టార్గెట్ కార్డులూ నా చేతిలో పెట్టారు. పాత కార్డు మీద పది పెల్లెట్లూ కలిసి చేసిన చిల్లు మిరియపు గింజ పట్టేంత ఉంది. కొత్త కార్డు మీద చిల్లులో శనగ గింజ పడుతుంది. కంపెనీ అదే, డబ్బా రంగు అదే, ధర అదే. లాట్ నంబరొక్కటే వేరు. ఈ ఆటలో పాయింటులో పదో వంతు అంటే పావు మిల్లీమీటరు. మిల్లీమీటరు తేడా వస్తే 0.4 పోతుంది, ఎంత బాగా గురి పెట్టినా సరే.

అప్పటి నుంచి మా పద్ధతి మారింది. దుకాణానికి ఫోన్ చేసి డబ్బా వెనక స్టిక్కర్ ఫోటో పంపమంటాను. మూడు లాట్లలో ఒక్కో డబ్బా తెప్పించి వైస్‌లో పరీక్షిస్తాం. ఏది బాగుంటే ఆ లాట్‌వి ఆ వారంలోనే ఇరవై డబ్బాలు కొనేస్తాను. నెలాగితే ఆ లాట్ దొరకదు. ఒకసారి ఒకే లాట్‌వి పది కావాలని డబ్బు కట్టి మరీ చెబితే, ఆరు ఒక లాట్‌వి, నాలుగు మరో లాట్‌వి వచ్చాయి. పైగా రెండు డబ్బాలు సొట్టపడ్డాయి. వెనక్కి తీసుకోం అనేశారు. ఇప్పుడు మొత్తం డబ్బు కట్టేముందే ప్యాక్ చేసిన డబ్బాల ఫోటో అడుగుతాను.

సొట్ట అంటే చిన్న విషయం కాదు. పెల్లెట్ మెత్తటి సీసం. ముందు భాగం చదునుగా ఉంటుంది, కార్డు మీద గుండ్రంగా కోసినట్టు చిల్లు పడేది అందుకే. నడుము సన్నం, వెనక లంగా అంచులా పల్చగా విచ్చుకుని ఉంటుంది. గాలి తోసేది ఆ అంచునే. అది ఒకవైపు నొక్కుకుపోతే దారి తప్పుతుంది. తను రోజూ కాల్చేముందు పెల్లెట్లను ట్రేలో పోసుకుని అంచులు చూసుకుంటుంది. పోటీలకి వాడే మ్యాచ్ రకం డబ్బాలో ఒకటో రెండో తీసేస్తుంది, చవక డబ్బాలో పదీ పన్నెండు.

పెల్లెట్ తల సైజు కూడా పరీక్షించాల్సిందే. 4.49, 4.50 అని మిల్లీమీటర్లలో డబ్బా మీదే ఉంటుంది. మా రైఫిల్‌కి 4.50 నప్పింది, మీ రైఫిల్‌కి నప్పుతుందని కాదు. ఒక్కో పెల్లెట్‌నీ త్రాసులో తూచే పని కూడా ఒక ఏడాది చేశాం. మంచి లాట్‌లో దానివల్ల తేడా ఏమీ కనబడలేదు, మానేశాం.

మొదటి ఏడాది పిల్లలకి చవక రకం చాలు. స్కోరు 600 దాటాక మాత్రం ప్రాక్టీసుకి కూడా మంచివే ఇవ్వండి, లేకపోతే తప్పు తనదో పెల్లెట్‌దో పిల్లకి తెలియదు.

విశాఖలో ఉండేవాళ్లకి ఇంకో మాట. మాది పెదవాల్తేరు. సముద్రపు గాలికి కిటికీ ఊచలకి రెండేళ్లకోసారి రంగు వేయించాలి. ఒక వర్షాకాలంలో మూత తీసిన డబ్బా కిటికీ అరలో మరిచిపోయాం. నెల తర్వాత చూస్తే పెల్లెట్ల మీద బియ్యప్పిండి చల్లినట్టు తెల్లటి పొడి, బొటనవేలికి అంటుకుంటోంది. డబ్బా మొత్తం పక్కన పెట్టేశాం. ఇప్పుడు మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, దాన్ని బీరువాలో పెడుతున్నాను. ఆ డబ్బా మళ్లీ వంటింట్లోకి రాకూడదు. ఆ పొడి సీసానిదే, విషం. కాల్చేటప్పుడు పెల్లెట్‌ని పెదాల మధ్య పెట్టుకునే పిల్లల్ని చూశాను, దయచేసి మాన్పించండి. సబ్బుతో చేతులు కడగనిదే మా అమ్మాయి మంచినీళ్ల బాటిల్ కూడా ముట్టదు.

ఇప్పుడు వాడుతున్నవి ఆర్‌డబ్ల్యుఎస్ ఆర్10 మ్యాచ్, 0.53 గ్రాములవి. అంతకుముందు రెండేళ్లు హెచ్ అండ్ ఎన్ ఫినాలె మ్యాచ్ వాడాం, అవీ బాగా కొట్టాయి. బీరువాలో ఒకే లాట్‌వి 14 డబ్బాలున్నాయి. రోజుకి 80 చొప్పున వారానికి అయిదు రోజులంటే నాలుగు నెలలొస్తాయి. దసరా తర్వాత కొత్త లాట్లకి ఫోన్ చేయాలి. వాటితో పోల్చి చూడటానికి పాత లాట్ డబ్బా ఒకటి, “ముట్టుకోవద్దు” అని తను చీటీ అంటించి వెనక వరసలో పెట్టింది.